వంకాయపువ్వు రంగు

ఎమ్మిగనూరులో ఆ వేసవి ఎండ ఎంతటిదంటే, తడి నూలు తీగ మీద వేసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే ఆరిపోయేది. ఒక్కోసారి వేయకముందే ఆరేది. అట్లాంటి మిట్టమధ్యాహ్నం హరికృష్ణ తన అద్దకం షెడ్డు వెనక్కి వచ్చి చూస్తే, ఒక అమ్మాయి కాలువ పక్కన కూర్చుని రంగునీళ్ళు సీసాలో పడుతోంది.

సీసా ఎండకెత్తి చూసింది. నీళ్ళు లేత వంకాయపువ్వు రంగులో మెరిశాయి.

హరికృష్ణ గుండె ఝల్లుమంది. అమ్మాయిని చూసి కాదు, అది తర్వాత. ముందు రంగును చూసి. ఆ రంగు కలిపే తీరు మూడు తరాలుగా వాళ్ళింటి గుట్టు.

"ఓయ్! మా రంగు గుట్టు దొంగిలిస్తాండావా?" అంటూ సీసా లాక్కున్నాడు.

"కాలవ పొడుగునా పారబోసి గుట్టంటావేమప్పా! ఊర్లో బర్రెలకు గూడా తెలిసిపోయింటాది."

ఆమె పేరు ప్రమీల. ఊరు ఆదోని. తండ్రి సామ్సన్ పత్తి మిల్లులో హమాలీ. ఆమె నీళ్ళ శుద్ధి మీద ఎం.టెక్. చేస్తోంది. షెడ్డు గోడకు అంటించిన నోటీసు అప్పటికే చదివేసింది. వదిలే నీళ్ళు నెలరోజుల్లో శుభ్రం కాకపోతే షెడ్డుకు తాళం. తాళం పడితే హరికృష్ణ, వాళ్ళమ్మ రుద్రమ్మ, పనిచేసే ఆరిండ్లవాళ్ళు అందరూ రోడ్డు మీదే.

"నేను శుభ్రం సేసిస్తా. నాకు ప్రాజెక్టు, నీకు షెడ్డు. సరేనా?"

"నీ వల్ల అవుతాదా?"

"సీసా ఇట్లియ్యి, సెప్తా."

మర్నాడే డ్రమ్ము నిండా వేరుశనగ పొట్టు బొగ్గు నింపింది. పైన రంగునీళ్ళు పోస్తే కింద కొబ్బరినీళ్ళలా దిగాయి. హరికృష్ణ తెల్ల నూలు కట్ట, అదే చిలప, ముంచి చూశాడు. చుక్క రంగు అంటలేదు. సంతోషంతో ఎగిరిన ఎగురుకు పైకప్పు రేకు సొట్టపోయింది.

కర్నూలు ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకానే ఆ ఎగురుడు.

"రంగు పోయింది, మందు పోలేదు," అంది ప్రమీల. "రంగు పట్టేదానికి మీరేసే మందులు, సబ్బులు కంటికి కనపడవు, వాసన రావు. బోర్లలోకి దిగి మన కడుపులోకి పోతాండాయి. ఇన్నాళ్ళూ ఎవరూ కొలవను గూడా కొలవలేదు."

"కనపడనిదాంతో ఎట్ల కొట్లాడాల?"

"ఎండతో."

గాజు పలకలకు ఒక తెల్లపొడి పూసింది. వాటి మీద నీళ్ళు పలచగా జారతాయి. ఎండలోని యూవీ కిరణాలు తగిలితే ఆ పొడి మందుల్ని ముక్కలు ముక్కలు చేస్తుంది. ఆ తర్వాత బొగ్గు.

"ఎండేనా! మా ఊర్లో మూటలు కట్టి అమ్మొచ్చు," అని నవ్వాడు హరికృష్ణ.

ఆ మాట మబ్బు విన్నట్టుంది. శనివారం ఆఖరి శాంపిల్ ఇవ్వాలనగా మంగళవారం వాన మొదలైంది. కప్పలకు కూడా జలుబు చేసేంత వాన. ఊరంతా దండాలు పెడుతుంటే ప్రమీల ఒక్కతే ఆకాశాన్ని తిట్టింది. గురువారానికి తిట్లు కూడా అయిపోయి, తడిసిన జడ పిండుకోకుండా గడపలో కూలబడింది.

"అయిపాయ. మీ షెడ్డు నా చేతుల్తోనే మూయించినట్టాయ."

ఆమె అట్లా డీలా పడగా అతను ఎన్నడూ చూడలేదు. వెంటనే బండి తీశాడు. మధ్యాహ్నానికి ఆదోని నుంచి తిరిగొచ్చాడు. ఒళ్ళంతా బురద. వీపుకు కట్టుకున్న మూటలో ఆరు గాజు గొట్టాలు.

"ఆదోనిలో నీళ్ళ క్యాన్లు అమ్మే రంగన్న ప్లాంట్లోవి, క్రిములు సంపే లైట్లు. పని సేసేది ఎండలోని యూవీనే అని నువ్వే గదా సెప్పినావు?"

ప్రమీల లేచి నిలబడింది. పలకల మీద చెక్కపెట్టె బోర్లించి, లోపల లైట్లు బిగించారు.

"లైటు కేసి సూడొద్దు, కండ్లు పోతాయి."

"మరి యాడ సూడాల?"

"నీళ్ళకేసి."

అతను చూశాడు.

"అవి నీళ్ళు గాదు," అంది ప్రమీల, జడ సర్దుకుంటూ.

శనివారం శాంపిల్ అందింది. ఐదు రోజుల తర్వాత ఫోన్ మోగింది. ఈసారి మందు ల్యాబ్ మిషనుకు దొరకలేదు. ఆ వారంలోనే నోటీసు ఊడింది.

ప్రమీల సీసాలు సంచిలో సర్దుకుంటుంటే హరికృష్ణ ఒక చిలప తెచ్చి చేతిలో పెట్టాడు. అదే వంకాయపువ్వు రంగు.

"నువ్వు శుభ్రం సేసిన నీళ్ళలోనే అద్దినా. ఇంత లేత రంగు, నీళ్ళు మంచివైతేనే పట్టేది."

ఆమె దాన్ని మణికట్టుకు చుట్టుకుంది. "ఎట్ల కలిపినావు?"

"అది ఇంట్లోవాళ్ళకే సెప్తాం."

ప్రమీల మణికట్టు మీది చిలపను ముడేసింది. సంచి కింద పెట్టింది.

"అయితే సెప్పు."

హరికృష్ణ నోరు తెరిచాడు. "నీ... నీలం..." అని తల గోక్కున్నాడు. రంగు కాగుల వెనక నుంచి రుద్రమ్మ గొంతు లేచింది.

"వాడు సెప్పేలోపల తెల్లారిపోతాది, నేను సెప్తా రా తల్లీ! ఆదివారం చర్చి నుంచి వచ్చినాక మీ నాయన్ను యాడికీ పోవద్దని సెప్పు, నేనొస్తాండా. ఇప్పుడు రాసుకో. నీలం ఒక పాలు..."

ప్రమీల పెన్ను తీసింది. ఆ తర్వాతది మనం వినకూడదు, అది వాళ్ళింటి గుట్టు.