రెండో సాకెట్

కళైయరసన్‌ని అమ్మేసినవాడు రాజపాళయంలో దర్జాగా తిరుగుతున్నాడు. ఆ సంగతి తెలిసీ ఇన్నాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవలసి రావడం వల్ల వెన్నిలాకు తిన్న తిండి ఒంటబట్టడం లేదు. అందుకే మదురై నుంచి చీఫ్ పిలుపు వచ్చిన పూటే, చేతిలో ఉన్న దోసె ముక్క పళ్ళెంలో వదిలేసి బస్సెక్కింది.

మదురై ఆఫీసు బయట కుట్టు శిక్షణ కేంద్రం అని బోర్డు ఉంటుంది. ముందు గదిలో నిజంగానే కుట్టుమిషన్లు ఉంటాయి. వెనక గదిలో చీఫ్ నాచ్చియార్ ఉంటుంది. ఆవిడ మాటలు కూడా కత్తెరతో కత్తిరించినట్టే ఉంటాయి.

ఆవిడ ఒక ఫోటో టేబుల్ మీద పెట్టింది. "ఎవురో తెలుసునా?"

"తెలుసు."

తెలియకపోవడమేమిటి? అరవిందన్. రాజపాళయంలో సర్జికల్ గుడ్డ ఎక్స్‌పోర్టర్. సిల్కు చొక్కా, బంగారు ఫ్రేము కూలింగ్ గ్లాసు, పక్కింటి వీధి దాకా కొట్టే సెంటు. ఆడా మగా తేడా లేకుండా ఎవరినైనా ఒక్క నవ్వుతో బుట్టలో వేసుకోగల మనిషి. డబుల్ ఏజెంట్. కుడిచేత్తో మన డిపార్ట్‌మెంట్‌కి సమాచారం ఇస్తూ, ఎడమచేత్తో మనవాళ్ళని విదేశీ ముఠాకు అమ్మేవాడు. అలా అమ్ముడుపోయిన ఏజెంట్ కళైయరసన్, వెన్నిలాకు సొంత అన్న. మన ఊరివాడు, మన ఇంటి తెలుగు మాట్లాడేవాడు అని నమ్మి వాడి కారెక్కాడు. కత్తిపోటుతో సత్రపట్టి దారిలో పత్తిచేను గట్టున దొరికాడు. కళైయరసన్‌కి చెల్లెలుందనీ, ఆమెదీ అదే ఉద్యోగమనీ అరవిందన్‌కి ఇప్పటికీ తెలియదు.

"మీ అన్న డిస్కు వాడి చేతిలో ఉండాది," అంది నాచ్చియార్. "అందులో ఒక ఫైలు. పరదేశంలో వేషం మార్చుకుని ఉండే మన నారాయణన్ పేరు, వీధి, అన్నీ అందులో ఉండాయి. తాళం వేసిన ఫైలు. మీ అన్న కంప్యూటర్ బోర్డు మీద ఉండే సెక్యూరిటీ చిప్పు లేకుంటే అది తెరుచుకోదు."

"ఆ కంప్యూటర్ మన స్టోర్ రూములో గదా ఉండాది?"

నాచ్చియార్ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది. "పాత సామాన్ల వేలంలో పోయినది. అరవిందన్ మనిషే కొన్నాడు."

దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటే ఇదే. వెన్నిలా పళ్ళు కొరుక్కుంది.

మిగిలిన కథ చీఫ్ నాలుగు మాటల్లో చెప్పేసింది. అది పాత డ్యూయల్ ప్రాసెసర్ డెస్క్‌టాప్. పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి ముఠావాళ్ళ ప్రోగ్రామ్ ఒక్కొక్క మాటా పెట్టి చూస్తూ పోతుంది. పాత ప్రాసెసర్లతో అయితే అది ఏళ్ళ తరబడి పని. అందుకని ఆ బోర్డు పట్టగలిగే అతి వేగమైన ప్రాసెసర్లు రెండు తెప్పించి మార్చారు. రెండూ కలిసి నడిస్తే గంటలో పని ముగుస్తుంది. కానీ మార్చిన రోజు నుంచి ఒకటే నడుస్తోంది, ర్యామ్ సగమే అందుతోంది కనుక ప్రోగ్రామ్ మొదలే కావడం లేదు. రెండోది ఉన్నట్టే కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు.

"మెకానిక్కులు ముగ్గురు పోయి చేతులెత్తేసినారు. నాలుగో మెకానిక్ నువ్వు. విడిభాగాలు అమ్మే కడై నుంచి వస్తావు. పేరు కనకం."

"నారాయణన్?"

"ఈ పొద్దు సాయంత్రానికి సరిహద్దు దాటతాడు. అందాకా పేరు బయటికి వచ్చినదంటే ఆ మనిషి లేడు. ముఠా పెద్ద వాల్టర్ కూడా ఈ పొద్దే అక్కడికి వస్తాడు. ముందే రెయిడ్ చేస్తే పారిపోతాడు. లోపల ఇనుప తలుపు. మేము దాన్ని పగలగొట్టేలోగా ఫైలు తెరుచుకుంటే అంతా పాయె. ముందు చిప్పును చంపు. తర్వాత మనవాళ్ళను పిలువు. కోడ్ వర్డ్, పేస్ట్ అయిపోయినది."

ఆవిడ ఒక స్క్రూడ్రైవర్ ముందుకు తోసింది. చూడ్డానికి మామూలుదే. పిడిలో దోమల బ్యాట్ పేగులన్నీ కుక్కి ఉన్నాయి. మీట నొక్కి చిప్పుకు తాకిస్తే చిప్పు మాడి ఊరుకుంటుంది. ఒక్కసారే పనిచేస్తుంది.

"అరవిందన్ సంగతి?"

"కోర్టు చూసుకుంటాది."

కోర్టట! వెన్నిలాకు నవ్వొచ్చింది, కడుపు మండిన నవ్వు. స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని లేచింది.

అరవిందన్ గోడౌన్ తళవాయిపురం వెళ్ళే దారిలో ఉంది. మిట్టమధ్యాహ్నం. గేటు ఎదుట వేపచెట్టు కింద మనవాడు వీరన్ షేర్ ఆటో ఆపుకుని, మనుషుల కోసం కాచుకున్నవాడిలా తళవాయిపురం, తళవాయిపురం అని అరుస్తున్నాడు. ఆటోలో కూర్చున్నవాళ్ళంతా డిపార్ట్‌మెంట్ వాళ్ళే కనుక బండి ఎంతకీ కదలడం లేదు.

లోపల పైకప్పు దాకా బ్యాండేజ్ గుడ్డ చుట్టలు. వాటి మధ్య సందులోంచి నడిస్తే ఇనుప తలుపు, దాని వెనక ఏసీ గది. కొత్త ఏసీ. కొత్త యూపీఎస్. రెండింటి నొసటా చందనం, దాని మీద కుంకుమ. కుర్చీలో వాల్టర్ ఎండకు కమిలిన మొహంతో బోండాం నీళ్ళు తాగుతున్నాడు. ఒళ్ళో పిస్తోలు.

బల్ల మీద అన్న కంప్యూటర్.

పక్క రేకుకు సొట్ట. వెన్నిలా చదువుకునే రోజుల్లో మెట్ల మీద జారవిడిచింది తనే. అన్న తిట్టలేదు సరికదా, అదే సాయంత్రం దాన్ని విప్పి, ప్రాసెసర్ వేడి లాగే లోహపు హీట్ సింక్ స్క్రూలు ఏ వరసలో బిగించాలో నేర్పించాడు. ఆ రేకు మీద ఇప్పుడు అరవిందన్ ఉంగరాల చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ చేతిని అక్కడికక్కడే విరిచేయాలనిపించింది.

"ఆడపిల్లను పంపినారే," అన్నాడు అరవిందన్ నవ్వుతూ, తమిళంలో. తర్వాత ఆమె చెప్పిన నమస్కారంలో యాస పట్టి తెలుగులోకి దిగాడు. "అట్లనా, మన మాట మాట్లాడే పిల్లవేనా! సరి, సరి. ఏ ఊరమ్మా?"

"ఇక్కడే పక్కన, మొదలాళీ."

"పార్త్తు చెయ్యి, జాగ్రత్త. ప్రాసెసర్‌ను మాత్రం సాకెట్టులోంచి ఎత్తొద్దు. పిన్ను వంగితే వేరే బోర్డు లేదు."

మొదటి ముగ్గురూ ఎందుకు ఓడిపోయారో అక్కడే సగం తెలిసిపోయింది. ఆమె స్విచ్ వేసింది. ఫ్యాన్లు రొద పెట్టాయి. బోర్డు మీద రెండో సాకెట్ పక్కన ఎర్ర దీపం. తెరమీద ర్యామ్ సగమే. రెండెడ్ల బండిలో ఒక ఎద్దు పడుకుంటే దాని వైపు బరువు మొత్తం నేల మీదే కదా.

ఆమె వరసగా చూసుకుంటూ పోయింది. రెండు ప్రాసెసర్లూ ఒకే జాతివేనా? ఒకే జాతివే. ఫర్మ్‌వేర్ కొత్తదేనా? కొత్తదే. హీట్ సింక్ మరీ గట్టిగా బిగిస్తే బోర్డు వంగి ర్యామ్ కనిపించకుండా పోతుంది. స్క్రూలు కాస్త వదులు చేసింది. లాభం లేదు. ర్యామ్ అటుదిటు మార్చింది. లాభం లేదు. ఇంతసేపూ అరవిందన్ ఆమె భుజం మీద గడ్డం ఆనించినంత దగ్గరగా వంగి, ప్రతి వేలి కదలికా చూస్తున్నాడు. సెక్యూరిటీ చిప్పు రెండో సాకెట్ పక్కనే ఉంది, వేలెడు దూరంలో. తాకించే సందు లేదు.

"ఎత్తి చూడకుంటే కాదు, మొదలాళీ," అంది, ప్రాసెసర్ వైపు వేలు చూపి పైకి ఎత్తే సైగ చేస్తూ.

"వద్దన్నా గదా."

"ఎత్తమను," అన్నాడు వాల్టర్ ఇంగ్లీషులో, పిస్తోలు మోకాలి మీదికి మార్చుకుంటూ. "ముగ్గురి మాటలు విన్నాను. నాలుగో మాట వినే ఓపిక లేదు."

హీట్ సింక్ తీసి, క్లిప్పు విడదీసి, వెన్నిలా ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని పైకి ఎత్తింది. గుప్పున వాసన వచ్చింది. ప్రాసెసర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ వాసన కాదు.

తిప్పి చూసింది. బంగారు చుక్కలు పరిచినట్టుండే అడుగు భాగంలో, సరిగ్గా నడిమధ్య, ఎండి పెచ్చు కట్టిన చందనం. దాని మీద కుంకుమ.

అరవిందన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. వాల్టర్‌కి వినబడినా అర్థం కాకుండా, ఇంటి తెలుగులో గొణిగాడు. "సీక్రం తుడిచెయ్ తల్లీ, తొందరగా. కొత్త సామాను గదా... మా అమ్మ అలవాటు. మొదటిదాన్ని మెకానిక్ ముందే సాకెట్టులో పెట్టేసినాడు. దీనికైనా బొట్టు పెట్టకుంటే మనసు ఒప్పలే, నేనే పెట్టి సాకెట్టులో దించినా. బంగారంగా ఉండేదే మొహం అనుకున్నా. ఆ దొరకు చెప్పొద్దు. నువ్వు మన పిల్లవు గదా."

మన పిల్ల! అన్నని కారెక్కించినప్పుడూ మన పిల్లోడు అనే ఉంటాడు. వెన్నిలాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. అయినా తల ఊపింది. కొత్త బండికి, కొత్త బీరువాకి, చివరికి కొత్త చీపురుకి కూడా బొట్టు పెట్టే ఊరు ఇది. వాడు చేసింది ఈ ఊళ్ళో ఎవడైనా చేసేదే. ఇన్నాళ్ళూ నారాయణన్ ప్రాణం కాపాడింది వాడి చేతి చందనమే. ఆ చందనం సంగతి ఇప్పుడు చెబితే వాల్టర్ తుడిపించి ఊరుకుంటాడు, ఇద్దరి కళ్ళూ బోర్డు మీదే ఉంటాయి. అదే మెషీన్ నడిచిన తర్వాత చెబితే?

ఆమె బ్యాండేజ్ గుడ్డ ముక్క చించి స్పిరిట్‌లో ముంచి, చందనం కొంచెం కొంచెంగా తుడిచింది. ఎర్రమరకలు పడ్డ ఆ గుడ్డని పారేయకుండా పక్కన పెట్టుకుంది. ప్రాసెసర్ కూర్చోబెట్టి, కొత్త పేస్ట్ రాసి, అన్న నేర్పిన వరసలోనే స్క్రూలు బిగించింది. పక్క రేకు మాత్రం మూయలేదు.

స్విచ్ వేసింది. ఎర్ర దీపం వెలగలేదు. ర్యామ్ మొత్తం కనిపించింది. రెండు ప్రాసెసర్లూ కాడి కింద మెడ పెట్టాయి.

వాల్టర్ లేచి నిలబడ్డాడు. ప్రోగ్రామ్ పరుగెత్తింది. తెరమీద పచ్చగీత చూస్తుండగానే సగం దాటింది, ముప్పాతిక దాటింది. అంత తొందరగా పాకుతుందని వెన్నిలా అనుకోలేదు. వెంటనే గుడ్డముక్క తీసి వాల్టర్ ముందు పరిచింది.

"సార్," అంది ఇంగ్లీషులో. "ఇది దానంతట అది వచ్చిన లోపం కాదు. ప్రాసెసర్ అడుగున ఎవరో కావాలని మందు పూశారు. నడవకూడదనే పూశారు."

వాల్టర్ ఆ ఎరుపు చూశాడు. అరవిందన్ మొహం చూశాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడిని కొనుక్కున్న యజమానికి రాత్రుళ్ళు నిద్ర ఉండదు. వాల్టర్ ఎన్నాళ్ళ నుంచో అనుమానిస్తున్నదే ఇప్పుడు గుడ్డ మీద కనబడింది.

"నువ్వేనా?"

"అది మందు కాదు! చందనం! ఇది మా ఆచారం... కొత్త వస్తువుకి బొట్టు..." అరవిందన్ ఇంగ్లీషు తడబడింది. సెంటు వాసన మీదుగా చెమట వాసన తేలింది. "ఈ పిల్లని అడగండి! ఈ ఊరిదే! చెప్పు తల్లీ, మనోళ్ళు కొత్త సామానుకు చందనం పెడతారా లేదా?"

వాల్టర్ ఆమె వైపు తిరిగాడు. "ఉందా అలాంటి ఆచారం?"

వెన్నిలా తన టూల్ సంచి మీదున్న కుంకుమ బొట్టుకి బొటనవేలు అడ్డం పెట్టి, అరవిందన్ కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేనెప్పుడూ వినలేదు సార్."

అరవిందన్ గోడ దాకా వెనక్కి జరిగాడు. వాల్టర్ పిస్తోలు వాడి వైపు లేచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు, బోర్డు వంక చూసేవాడు లేడు. తెరమీద పచ్చగీత చివరంటా తాకింది. పాస్‌వర్డ్ దొరికింది. ఫైలు కిటికీ తెల్లగా విచ్చుకుంది. వెన్నిలా స్క్రూడ్రైవర్ చిప్పుకి ఆనించి మీట నొక్కింది.

టప్‌మంది. కిటికీలో మొదటి అక్షరం పడకముందే తెర నల్లబడింది.

"మళ్ళీ చంపేశావు!" అని వాల్టర్ అరిచాడు. ఆ అరుపు అరవిందన్‌ని చూసే. పిస్తోలు పేలింది. రెండోసారి పేలేలోపు మెకానిక్కులు విప్పి బల్ల మీద వదిలేసిన పాత హీట్ సింక్ వెన్నిలా చేతిలోంచి వాల్టర్ కణతకి తగిలింది. దిమ్మలాంటి లోహం కదా, మనిషి బోండాం పక్కనే కూలబడ్డాడు. ఆమె పిస్తోలు లాక్కుని, ఇనుప తలుపు గడియ తీసి, ఫోన్ చేసింది.

"వీరన్ అన్నా, పేస్ట్ అయిపోయినది. అంబులెన్సుకి కూడా చెప్పు."

అరవిందన్ పాక్కుంటూ గది బయటికి వెళ్ళి, గుడ్డ చుట్టలకి చేరగిలబడ్డాడు. తొడలోంచి రక్తం ఆగకుండా కారుతోంది.

"కట్టు కట్టు తల్లీ," అన్నాడు. "నీకు పుణ్యముంటాది."

వెన్నిలా ఒక చుట్ట చేతిలోకి తీసుకుని వాడి ఎదురుగా కూర్చుంది. "నా పేరు కనకం కాదు. కళైయరసన్ చెల్లెల్ని."

వాడు ఆమె ముక్కు, కళ్ళు మార్చి మార్చి చూశాడు. అన్న పోలిక అప్పుడు కనబడింది కాబోలు, చూపు తిప్పుకున్నాడు.

"పత్తిచేను గట్టున మా అన్నకి ఎవురు కట్టు కట్టినారు?"

బయట గేటు విరిగిన చప్పుడయింది. ఆమె చుట్టని తీసిన చోటే మళ్ళీ పేర్చింది.

సాయంత్రం నాచ్చియార్ ఫోన్ చేసింది. "నారాయణన్ దాటేసినాడు. వాల్టర్ స్పృహలోకి వచ్చి వకీలు కావాలంటాడు." గొంతు తగ్గించింది. "అరవిందన్ ఆస్పత్రి చేరకుండానే పోయినాడంట. గోడౌన్ నిండా కట్టు గుడ్డే గదా, వెన్నిలా. ఒక్క చుట్టైనా నీ చేతికి దొరకలేదా?"

"దొరికినది మేడమ్," అంది వెన్నిలా. "అదంతా ఎక్స్‌పోర్ట్ సరుకు."