మూడో ఆదివారం

"సారూ, పుట్టిన దినం, చచ్చి లేచిన దినం ఒక్కటేనా?"

ఎల్లస్వామి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఈస్టరంటే చిన్న క్రిస్మస్ అని తొమ్మిదో తరగతికి అప్పుడే చెప్పాడు. గుమ్మంలో ఎస్తేరు టీచరు నిలబడి ఉంది.

"మీరు పీరీల పండుగ, రంజాన్ ఒక్కటే అన్నరంట గద టీచరమ్మా. చెల్లుకు చెల్లు."

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదే అతని కొంప ముంచింది. 1946లో, హనుమకొండలోని ఆ మిషన్ హైస్కూల్లో, అన్ని మతాల సంగతులూ చెప్పే శుక్రవారం క్లాసు ఆనాటి నుంచి ఇద్దరిదీ అయింది. ఆమె దగ్గర నేర్చుకున్నది అతను పిల్లలకు చెప్పేవాడు. 'చర్చి తలుపు తెరిచి ఉంటే అదే పిలుపు, ఎవరైనా పోవచ్చు' అని బోర్డు మీద రాసింది కూడా అతనే.

వానాకాలం రాగానే ఎస్తేరుకు నెక్కొండ సంబంధం కుదిరింది. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి.

"మన సంగతి నాయనకు చెప్పిన," అంది ఎస్తేరు, స్కూలు వరండాలో వాన చూస్తూ. "సంఘం ముందర నిలబడి నన్నిమ్మని అడిగే దమ్ముంటే రమ్మన్నడు. అడిగితే ఈ పెండ్లి ఆపుతడు. రెండు వారాలు అయిపోయినయి."

"వస్త. ఫికర్ చెయ్యకు."

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. చర్చి మెట్ల దగ్గర కాళ్లు కదల్లేదు. వర్ధన్నపేటలో వాళ్లమ్మ సమ్మమ్మను ఏ గుడి గడపా తొక్కనివ్వలేదు. లోపలివాళ్లు పిలిచేదాకా బయటే నిలబడాలని కొడుక్కీ నేర్పింది. అతను పిలుపు కోసం వానలో నిలబడ్డాడు. లోపల పాదిరిగారు ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగి కాసేపు ఆగారు. ఎల్లస్వామికి అంతా వినబడింది. మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

అందరూ వెళ్లాక ఎస్తేరు బయటికొచ్చి, తడిసి ముద్దయిన అతన్ని చూసింది.

"ఎవరన్నా పిలుస్తరని చూసిన," అన్నాడు. తన కాళ్ల మీద తనకే చచ్చేంత కోపంగా ఉంది.

"తలుపు తెరిచే ఉండె గద సారూ."

అంతే అంది. గొడుగు అతని చేతిలో పెట్టి తడుస్తూ వెళ్లిపోయింది.

ఆ ఏడు పరీక్షలో 'చర్చిలోకి ఎవరు పోవచ్చు?' అన్న ప్రశ్న వచ్చింది. తొమ్మిదో తరగతి మొత్తం సరిగ్గానే రాసింది. ఎల్లస్వామి అందరికీ పూర్తి మార్కులు వేశాడు.