రావమ్మ పొలంలో వాక్‌స్తంభన

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! ఉయ్యూరు అవతల చెరుకు తోటల మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. మబ్బు తునక లేని ఆకాశంలో ఉన్నట్టుండి ఫెళఫెళమని ఉరుము! పట్టపగలే గుడ్లగూబ కూసింది. కాకులన్నీ గప్‌చిప్‌గా ఎగిరిపోయాయి.

తోట నడిమధ్య పసుపుతో, కుంకుమతో, చితాభస్మంతో వేసిన భీకర మండలం... అందులో ఒక కపాలం! దాని ముందు కూర్చున్నవాడు నాగభూషణం. మహామాంత్రికుడట! ఇబ్రహీంపట్నం నుంచి రెండు బస్సులు మారి, కపాలాన్ని కూరగాయల సంచిలో వేసుకొచ్చిన మహామాంత్రికుడు!

వాణ్ణి పిలిపించిన ఘనుడు హర్షవర్ధన్. ఎందుకనుకున్నారు? లాయరు ఫీజు ఎగ్గొట్టడానికి! వీడి తల్లి రావమ్మ పొలాన్ని బాబాయి కాజేయబోతే, ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి నిలబెట్టింది లాయరు రాజ్యలక్ష్మి. "పొలం దక్కాక మీ ఫీజు మీకు ముట్టజెబుతానమ్మా, ఇది నా మాట" అని రావమ్మ ఆమె చేతిలో చెయ్యేసింది. తీర్పు వచ్చింది. రావమ్మ పోయింది. కొడుక్కి పొలం కావాలి, తల్లి మాట మాత్రం అక్కర్లేదు! ఫీజు తగవు రేపు మధ్యవర్తి ముందుకు వస్తోంది. ఆలోపు రాజ్యలక్ష్మి నోరు శాశ్వతంగా పడిపోవాలట. నోరు లేని లాయరుకు ఇంక బతుకేముంది? ఛీ! సిగ్గులేని వెధవ!

"ఆవిడ ఫీజు ఆవిడకిచ్చేద్దాం అన్నయ్యా! అమ్మ మాటిచ్చింది కదా!" చెల్లెలు ఉషశ్రీ కాళ్ళావేళ్ళా పడింది.

"నువ్వూరుకోవే! ఏం చేసిందావిడ? నాలుగు వాయిదాలు తిరిగింది, అంతేగా!"

నాగభూషణం పళ్ళికిలించాడు. "దక్షిణ?"

"డబ్బులెందుకు స్వామీ! కాలవ పక్క పొలం చెక్క మీకే, తీసుకోండి." హర్ష వాడి దోసిట్లో నీళ్ళు ధారపోశాడు.

"అది ఇంకా అమ్మ పేరునే ఉంది అన్నయ్యా! మన పేర్లకి మారలేదు!"

"నోర్ముయ్!" మాంత్రికుడు గర్జించాడు.

తనది కానిదాన్ని ఒకడు ధారపోస్తే, దాన్ని దక్షిణగా పట్టినవాణ్ణి ఆ మంత్రశక్తే కబళిస్తుంది. క్షుద్రవిద్యలో ఓనమాలు దిద్దేవాడికి కూడా తెలిసిన నియమమిది. కాలవ పక్క భూమి అనేసరికి నోరూరి, ఈ మహానుభావుడికి అదీ గుర్తులేదు!

"హ్రీం... క్రీం... వాచం స్తంభయ! స్తంభయ!"

రాజ్యలక్ష్మి కోర్టుకు కట్టుకునే తెల్లటి మెడపట్టీని హర్ష దొంగిలించి తెస్తే, దాంతో నాగభూషణం కపాలం దవడలు బిగించి కట్టాడు. అదే క్షణాన, బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసులో క్లయింటుతో మాట్లాడుతున్న రాజ్యలక్ష్మి గొంతు పట్టేసింది... పెదాలు కదిలాయి... మాట రాలేదు! ఆమె రెండు చేతులతో గొంతు పట్టుకుంది.

ఇక్కడ ఉషశ్రీ ఒళ్ళు విరుచుకుంది... జుట్టు విరబోసుకుంది... కళ్ళు చింతనిప్పులయ్యాయి! ఆ నోట్లోంచి వచ్చింది ఆమె గొంతు కాదు... చచ్చిపోయిన రావమ్మ గొంతు!

"ఎవడ్రా నా చేలో ముగ్గేసింది? ఎవరి సొమ్మురా నువ్వు దానం పట్టింది?"

"ఎవతివే నువ్వు! భస్మం చేసేస్తా!" నాగభూషణం నిమ్మకాయ విసిరాడు. అది గాల్లోనే మసైపోయింది. కపాలానికి కట్టిన పట్టీ పటుక్కున తెగింది. మండలంలోంచి మహోగ్ర జ్వాల లేచి వాడి నడుముకు చుట్టుకుంది!

"అమ్మా! తల్లీ! నీ పొలం నాకొద్దు! నేను బస్సెక్కి పోతా, వదిలెయ్!" మహామాంత్రికుడు మేకలా అరిచాడు. జ్వాల వదల్లేదు. పక్కనున్న చెరుకాకు ఒక్కటి కమల్లేదు గానీ, వాడు కూర్చున్న చోట గుప్పెడు బూడిదే మిగిలింది.

రావమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే హర్షా... నా మాట నిలబెడతావా?"

హర్ష నేల మీద పడ్డాడు. "ఇచ్చేస్తానమ్మా! రేపే ఇచ్చేస్తా! కాకపోతే... కొంచెం తగ్గించుకోమని ఆవిణ్ణి..."

చావు కళ్ళ ముందు నిలబడ్డా బేరమాడే నీచుడు! వాడి మాట అక్కడే ఆగిపోయింది. ఉషశ్రీ స్పృహ తప్పి పడిపోయింది.

మర్నాడు మధ్యవర్తి ముందు రాజ్యలక్ష్మి గొంతు ఖంగుమంది. ఆమె కోసం తెచ్చిన ఫీజును పైసా తగ్గకుండా హర్ష బల్ల మీద పెట్టాడు.

"మీరేమైనా చెప్పుకునేది ఉందాండీ, హర్షవర్ధన్ గారూ?" అడిగాడు మధ్యవర్తి.

హర్ష నోరు తెరిచాడు... ఊపిరి తప్ప ఏమీ బయటికి రాలేదు. చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

"ఏం లేదండీ," అంది ఉషశ్రీ. "మా అన్నయ్య ఇంక మాట్లాడడు."