ఏటి గేట్లకు దొంగ ప్లగిన్

కర్నూలు బస్టాండు క్యాంటీన్లో ఉగ్గాని ప్లేటు ముందున్న మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

"బజ్జీలో కారం ఎట్లుండాది?"

"నిన్నటికంటే నయం," అంది శివలీల.

కోడ్ సరిపోయింది. ఆయన ఉమామహేశ్వర. ఏ బోర్డూ లేని ఒక నిఘా విభాగానికి చీఫ్. ఆమె అందులో ఏజెంటు. ఇంట్లోవాళ్లకు మాత్రం కంప్యూటర్ ఉద్యోగం.

"కడపలో ఒక డిజైన్ స్టూడియో. రిజర్వాయరు గేట్ల కంట్రోల్ స్క్రీన్ కొత్తగా గీస్తాండారు. ఈ మధ్యాహ్నం లైవ్. విదేశీ ముఠా ఒకటి దాంట్లో ప్లగిన్ దూర్చింది. ప్లగిన్ అంటే ఏందమ్మా?"

"డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే పనిముట్టు సార్. మిక్సీకి జార్ తగిలించినట్టు. పచ్చడికొకటి, పిండికొకటి."

"ఎవరో విషం జార్ తగిలించినారు. కనుక్కో. మన ఆరాధన ముందే ఆడికి పోయింది, సాయం చేస్తాది."

మైదుకూరు దాటుతుండగా తండ్రి కాశన్న ఫోన్ చేశాడు. ఆయన నేతగాడు. ఎప్పుడూ పడుగు చాపే వీధిలో లారీలు తిరుగుతున్నాయని, మగ్గానికెక్కించే ఆ పడుగు నూలును ఏట్లో ఇసక మీద చాపారట. వీధి వీధంతా అక్కడే ఉందట. ఆ ఏరు సరిగ్గా రిజర్వాయరు గేట్ల కింద ఉంది.

"నాయనా, పైకి రాండి. నీళ్లొస్తాయంట."

"మన ఏట్లోనా? ఎవరన్యారు, ఎలక్షన్ల వాళ్లా?"

"నవ్వులాట కాదు నాయనా!"

"గంజి పెట్టినామమ్మా. నడిమధ్యలో వదిలితే నూలంతా అట్ట కట్టిపోతాది. ఆరినాక వస్తాంలే."

ఫోన్ పెట్టేశాడు. కారణం చెబుదామంటే ఉద్యోగం రహస్యం. చెప్పినా తడి పడుగును వదిలి ఏ నేతగాడూ కదలడు.

స్టూడియో యజమాని ధనుంజయ మైదుకూరు వ్యాపారుల ఇంటి మనిషి. అంగట్లో కూర్చోలేక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతని పక్కన ఆరాధన, ఇంటిగ్రేషన్ కన్సల్టెంటు వేషంలో. నల్లద్దాలు, పట్టుచీర, కడప ఎండలోనూ చెమట పట్టని ముఖం.

శివలీల తనిఖీకి వచ్చానని చెప్పి, కుంకుమ భరిణె తెరిచి కంప్యూటర్ పక్కన పెట్టింది. అది స్కానర్. రంగులు సరిచూసే ప్లగిన్, ఆకుపచ్చ. బొమ్మలు తెచ్చే ప్లగిన్, ఆకుపచ్చ. లేయర్లు సర్దే ప్లగిన్, ఎర్రలైటు.

"ఇది ఎవరు పెట్టినారు?"

"నేనే," అంది ఆరాధన, గోళ్లు చూసుకుంటూ.

"నువ్వు మా మనిషివి కదే!"

"మీ మనిషినే. వాళ్ల మనిషిని కూడా. ఎవరు ముందు పని చెప్తే వాళ్లది ముందు చేస్తా."

కంప్యూటర్ మీద 'పబ్లిష్ అవుతోంది' అన్న గీత సగం దాటింది. పని జరిగే తీరు మామూలుదే. లైవ్‌కి ముందు ప్లగిన్ లేయర్లను, అంటే ఒక్కో బటన్‌కి ఒక్కో పేరున్న పొరలను, సర్దుతుంది, ఆపైన ఇంటిగ్రేషన్ ఆ డిజైన్‌ను కంట్రోల్ రూమ్‌కి పంపుతుంది. ఈ ప్లగిన్ మాత్రం ఓపెన్, క్లోజ్ బటన్ల పనులను తారుమారు చేస్తుంది. అక్కడ ఆపరేటర్ పరీక్ష కోసం మొదట నొక్కేది క్లోజే. గేట్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి.

శివలీల ప్లగిన్‌ను తీసేయబోయింది. అనుమతి లేదు. పబ్లిష్ ఆపబోయింది. అదీ లేదు. అడ్మిన్ హక్కులన్నీ ఆరాధన పేర మారిపోయాయి. ఫోన్ మూగబోయింది; ఆరాధన లిప్‌స్టిక్‌లో సిగ్నల్ ఆపే జామర్ ఉంది. కేబుల్ పీకినా లాభం లేదు, పని నడిచేది సర్వర్‌లో.

"మూసేయ్ ధనుంజయా! ఎట్లన్నా మూసేయ్!"

"అక్కా, ఆ మాట అనద్దు. అంగడే మూతపడుతుందని మా ఇండ్లల్లో ఎవరూ అనరు. కట్టేయ్ అంటాం."

"ఇప్పుడు కూడానా!"

"అంగట్లో నిప్పంటుకున్నప్పుడు కూడా మా తాత రామకోటయ్య 'కట్టేయండి' అనే అరిచినాడక్కా."

శివలీల చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఈ కుర్రాడికి మనసొప్పని ఆ మాట కోసమే, ఇంగ్లీషులో 'క్లోజ్' అని, ప్లగిన్ వెతుకుతోంది. మనిషైతే బటన్‌ను చూసి గుర్తుపడతాడు. ప్లగిన్‌కు కళ్లు లేవు, లేయర్ పేరు ఒక్కటే ఆధారం. పేరు మార్చడానికి ధనుంజయకు ఇంకా మిగిలిన ఎడిటర్ హక్కులు చాలు.

గీత అంచుకు చేరుతోంది. 'క్లోజ్' లేయర్ మీద రెండుసార్లు నొక్కి, టైపు చేసింది: కట్టేయ్.

గీత ఆగింది. ఎర్రపెట్టె ఎగిరొచ్చింది: 'క్లోజ్ లేయర్ దొరకలేదు. పబ్లిష్ రద్దయింది.'

ఆరాధన చెంపల మీదుగా మొదటిసారి చెమట కారింది. లేచి వాకిలి వైపు పరుగెత్తేసరికి ధనుంజయ షట్టరు కిందికి లాగి, తాళం తిప్పి నిలబడ్డాడు.

"కట్టేసినానక్కా."

ఆరాధనను విభాగం జీపెక్కించాక కాశన్న నుంచి ఫోన్ వచ్చింది. పడుగు ఆరిందట, చుట్టుకుని ఇంటికి పోతున్నారట.

"పొద్దున్నుంచి ఏం పని చేస్తివమ్మా?"

"ఒక బటన్ పేరు మార్చినా నాయనా."

"దానికి కూడా జీతమిస్తారా?"