దెస్పూయ్ గారి భోజనాల గది

మా ఊరి చివర దెస్పూయ్ గారి పాడుబడ్డ ఇంటి ముందు రాత్రిపూట ఎవరూ నడవరు. నడిస్తే ఆకలేస్తుంది. ఎంత సుష్టుగా తిని వచ్చినా సరే... కడుపులో ఎలుకలు పరిగెడతాయి.

దెస్పూయ్ గారు తిండి గురించి పుస్తకం రాసిన మహానుభావుడు. పోయి వందేళ్లు దాటినా కలం మాత్రం వదల్లేదు. బాతు కొవ్వును ఆయన ‘ఆత్మకు దుప్పటి’ అన్నాడు, అంతే — ఈ చుట్టుపక్కల ఎవరేం తిన్నా ఆత్మకు దుప్పట్లే. మా పాలకొట్టు బోర్డు మీద కూడా అదే ఉంది.

మా పక్కింటి సొలాంజ్ పత్రికలో భోజనాల కాలమ్ రాస్తుంది. ఓ సాయంత్రం ఎడిటర్ లబోర్ద్ ఆమె కాగితాలు వెనక్కి తోసేశాడట.

“మళ్లీ దుప్పటేనా తల్లీ? ముసలాయన పూనాడా నీకు? ఈ వారం నీ సొంత మాట ఒక్కటి రాయి. లేదంటే వంటలు వదిలేసి వాతావరణం రాసుకో.”

పాపం, ఆ దిగులులో చీకటిపడేదాకా తిరుగుతూ ఏ దారిన పోతోందో చూసుకోలేదు. తలెత్తేసరికి — ఆ ఇల్లు. కాలుతున్న కొవ్వు వాసన... లోపల దీపం...

తలుపు ఓరగా తీసి ఉంది. తొంగి చూసింది.

బల్ల చుట్టూ మనుషులు. ఒక్కరికీ తలల్లేవు — ఆ చోట తెల్లటి గుడ్డలు. గుడ్డల కింద... కరకర... ఎముకలు నములుతున్న చప్పుడు.

సొలాంజ్ వెనక్కి తిరగబోయింది. ఒక గుడ్డ మెల్లగా ఆమె వైపు తిరిగింది.

“తలుపు వెయ్యి... వాసన పోతోంది...”

ఆ గొంతు తెలిసినదే. తెగించి వెళ్లి గుడ్డ లాగేసింది. కింద లబోర్ద్ — గడ్డమంతా జిడ్డు.

మిగతావాళ్లూ తిండి గురించి రాసేవాళ్లే. పట్టకూడదని చట్టమున్న బుల్లి పిట్టల్ని కాల్చి, వాసన పోకుండా తలమీద గుడ్డ కప్పుకుని, ఎముకలతో సహా తింటున్నారు — ముసలాయన పుస్తకంలో చెప్పినట్టే.

“ఆయన్ని వదిలెయ్యమన్నారుగా?” అంది సొలాంజ్.

“రాతలో వదలమన్నాను. తిండిలో ఎవరు వదలమన్నారు? కూర్చో. బయట అనకు.”

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే కూర్చుంది, గుడ్డ కప్పుకుంది, కొరికింది. గుడ్డ కింద చీకటి. ఆమె ఒక్కతే. అప్పుడు చెవి పక్కనే, వెచ్చగా, ఓ ముసలి గొంతు —

“ఉప్పు తక్కువైంది కదూ అమ్మాయ్...”

గుడ్డ తీసి చూస్తే అందరూ ముసుగుల్లోనే నములుతున్నారు.

ఆ వారం ఆమె కాలమ్ ‘ఉప్పు తక్కువ’ అని మొదలైంది. మా ప్రాంతంలో తిండిని అంత మాట అన్నవాళ్లు లేరు. లబోర్ద్ పొంగిపోయాడు.

“చూశావా, ఇన్నాళ్లకి నీ గొంతు నీకు దొరికింది.”

సొలాంజ్ తలూపింది. ఉద్యోగం నిలిచింది, పేరూ వచ్చింది. మా కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంటుంది — అప్పటినుంచి ప్రతి వారం కాలమ్‌ని తలమీద గుడ్డ కప్పుకునే రాస్తోంది.