వాననీళ్లలో ఉడకని పప్పు

1978 ఆగస్టులో ఒక పొద్దున, ఆదోనిలో ప్రైవేటు డిటెక్టివ్ సేతుమాధవరావు గడప ఎక్కీ ఎక్కకముందే భీమక్క భోరుమంది.

"మా ఇంటాయన్ను స్టేషన్‌కు పట్టకపోయినారు సామీ! చింతచెట్ల ఏర్లకు ఉప్పు పోసి సంపినాడంట. బిడ్డల మాదిరి సాకినోడు ఆ పని సేస్తాడా?"

ఆమె భర్త అయ్యన్న ఎమ్మిగనూరు దారిలోని చింతతోపుకు ఇరవై ఏళ్లుగా కాపలా. ఫిర్యాదు ఇచ్చింది తోపు యజమాని వెంకోబారావే. నేరం రుజువైతే అయ్యన్నకు జైలు, ఆమెకు తోపులోని గుడిసె కూడా దక్కదు.

డిటెక్టివు, శిష్యుడు పాండురంగ వెంటనే తోపుకు వెళ్లారు. ఎండుతున్న చెట్లన్నీ ఒకే పక్కన ఉన్నాయి. ఆ పక్కనే వెంకోబారావు రెండేళ్ల కిందట వేసిన ఎరువుల షెడ్డు. తడి యూరియాను పెంటతో కలిపి అక్కడ ఆరబెడుతున్నారు. ఘాటుకు పాండురంగ కళ్లు మండిపోయాయి.

"పోయినేడు ఈ చెట్లే నల్లగా నిగనిగలాడినాయి సామీ. మారెమ్మ సల్లగా సూసిందనుకుంటిమి," అంది భీమక్క.

సేతుమాధవరావు ఒక చెట్టు మొదట్లో తవ్వించాడు. వేళ్లు చెక్కుచెదరలేదు. చిటికెడు మట్టి నోట్లో వేసుకున్నాడు. ఉప్పన లేదు!

"ఇంకేమైనా వింత చూశావా అమ్మా?"

"వింతంటే... బాయి నీళ్లు సవుడు, పప్పు ఉడకదు. వానకు చెట్ల కింద పంచె కట్టి నీళ్లు పడతాం. ఈ తూరి ఆ నీళ్లలోనూ ఉడకల్లేదు. బయట పట్టినవాటిలో ఎన్న మాదిరి ఉడికె."

సేతుమాధవరావు ఎగిరి గంతేశాడు. యాభై ఏళ్ల మనిషి! మర్నాటి వానకు చెట్టు కింద ఒక సీసా, ఆరుబయట ఒక సీసా పట్టించి కాలేజీ ప్రయోగశాలకు పంపాడు.

నాలుగోరోజు అందరినీ తోపులో కూర్చోబెట్టాడు. అయ్యన్నను కానిస్టేబులు వెంటబెట్టుకొచ్చాడు.

"ఎవరూ ఉప్పు పోయలేదు. యూరియాలోని నత్రజని ఘాటై గాలికెక్కింది, వానతో ఆకుల మీదికి దిగింది. బయటి సీసాలో నత్రజని ఎక్కువ, సున్నం లేదు. చెట్టు కింది సీసాలో నత్రజని తక్కువ, సున్నం, పొటాషియం ఎక్కువ. అంటే ఆకు వానలోని నత్రజనిని పుచ్చుకుని, బదులుగా తన ఒంట్లోని సారాన్ని వదిలేస్తోంది. మొదట్లో చెట్టు నిగనిగలాడుతుంది. అదే పనిగా సాగితే గుల్లవుతుంది. పప్పును ఉడకనివ్వనిది ఆ సున్నమే."

అందరూ తలలెత్తి చూశారు. చింతాకులు ఊరికే ఊగుతున్నాయి.

"అబ్బ! నెత్తిమీద ఇంత ఇచ్చిపుచ్చుకోవడమా సార్!" పాండురంగకు ఒళ్లు జలదరించింది. "చెట్టుకింద కునుకు తీయడమే తెలుసు నాకు!"

"మరి దోషి ఎవరు?" అన్నాడు వెంకోబారావు.

"మీ షెడ్డేనండీ."

వెంకోబారావు లేచి షెడ్డు దాకా వెళ్లొచ్చాడు. తర్వాత కానిస్టేబులుతో, "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా, వదిలెయ్యప్పా. తెలియక చేసినా పాపం నాదే. ఆ షెడ్డు ఈరోజే పీకిస్తాను," అన్నాడు.

విడుదలైన అయ్యన్న ఎవరికీ దండం పెట్టలేదు. ఎండిపోతున్న చెట్టు దగ్గరికి పోయి మానును కావిలించుకున్నాడు.

"ఒంట్లోదంతా ఇచ్చుకుంటాంటివే తల్లీ! పక్కనే ఉండి కనుక్కోలేకపోతినే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.