ఏడో కోటు రంగు

త్రినాథ్ హాల్లో పడమటి గోడకి మిషన్ ఆనించి స్విచ్ నొక్కాడు. ఎర్రటి లేజర్ చుక్క గోడ మీద చీమలా పాకడం మొదలుపెట్టింది. ఇల్లు అమ్ముతున్న సువర్చల చీర చెంగు వేలికి చుట్టుకుంటూ దాన్నే చూస్తోంది.

అది 2046. విశాఖ శివార్లలోని వెన్నెల నగర్‌లో ఇరవై మూడో నంబరు ఇల్లు. పద్నాలుగేళ్లలో ఆరుగురు యజమానులు. సగటున ఒక్కొక్కరికి రెండేళ్ల నాలుగు నెలలు. అటూ ఇటూ ఉన్న ఇళ్లు ఒక్కసారి కూడా చేతులు మారలేదు. వాస్తు బాగాలేదని కాలనీ అంతా అంటుంది. కొనడానికి వచ్చిన త్రినాథ్ సైంటిస్టు. వాస్తు నమ్మడు, తను కనిపెట్టిన మిషన్‌నే నమ్ముతాడు.

"ఇదేం చేస్తుందండీ?" అంది సువర్చల.

"రంగు ఆరడానికి నలభై నిమిషాలు పడుతుందండీ. ఈలోగా గదిలో ఎవరు మాట్లాడినా ఆ శబ్దానికి రంగు మీద సన్నటి ముడతలు పడతాయి. ఆరాక అలాగే ఉండిపోతాయి. పాత గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లాగా. కోటు మందం వెంట్రుకలో సగం. లేజర్ ఒక్కో కోటునీ విడిగా చదువుతుంది." త్రినాథ్ నవ్వాడు. "ఇల్లు అమ్మేముందు రంగు వేయించని వాళ్లుండరు కదా! ఆరు అమ్మకాలు, ఆరు కోట్లు."

ఆరో కోటు మొన్న మంగళవారమే సువర్చల వేయించింది. ఆ గోడ లోపల పైపు పగిలింది. ఆ చెమ్మకే ఏడేళ్ల కూతురికి ఉబ్బసం పట్టుకుంది. ఈ ఇల్లు అమ్ముడైతే తప్ప పిల్లని ఇక్కణ్ణుంచి తీసుకుపోయే దారి లేదు.

మిషన్ గరగరమంది. మొదటి కోటులోంచి పెయింటర్ గొంతు వినిపించింది.

"ఈ గోడలో పైపు కారతందండి. పగలగొట్టి మార్చాలండి. నాలుగు రోజుల పని."

"ఎలాగూ అమ్మేస్తున్నాం కదయ్యా. పుట్టీ పెట్టి రంగు కొట్టెయ్."

రెండో కోటు. పెయింటర్ అప్పలకొండది అదే గొంతు, అవే నాలుగు రోజులు. యజమాని గొంతు మాత్రం వేరు. మూడు. నాలుగు. ఐదు.

త్రినాథ్ మొహంలో నవ్వు పోయింది. "మా పాపకి పది నెలలండీ," అన్నాడు. వేలు ఆరో బటన్ మీదికి వెళ్లింది.

"ఆపండి!" అంది సువర్చల. "అందులో ఉన్నది నా గొంతే. పగలగొట్టిన గోడ చూసి ఎవరు కొంటారన్నాను. ఈ చెమ్మకే మా అమ్మాయికి ఆయాసం వస్తోంది. మీరు కొనకండి."

త్రినాథ్ మిషన్ కట్టేశాడు. "ధర తగ్గించండి. పైపు నేను మార్పించుకుంటాను."

ఆమె తగ్గించింది. రెండు వీధుల అవతల అద్దెకి దిగింది. పదిహేను రోజుల్లో పిల్ల మందు లేకుండా నిద్రపోయింది.

రెండేళ్ల నాలుగు నెలల తర్వాత ఆ ఇంటి గేటుకి అమ్మకం బోర్డు వేలాడింది. అటుగా వెళ్తున్న సువర్చలకి అరుగు మీద కూర్చున్న అప్పలకొండ కనిపించాడు.

"పైపు మార్పించారా, కొండా?"

"ఏటి మార్చడమమ్మా! త్రినాథ్ బాబుకి మిషన్ పన్లతోనే సరిపోయింది. ఇప్పుడు కొనేవోళ్లంతా ఆ మిషన్ తెత్తన్నారని పాత కోట్లన్నీ గీకించి రంగేయించారు. ఆరేదాకా నోరెత్తొద్దన్నారు. ఏటి కావాలన్నా సెల్లో టైపు చేసి చూపిత్తన్నారు. మాటాడేత్తానేమోనని నన్ను బయట కూకోబెట్టారు."

"పాప ఎలా ఉంది?"

అప్పలకొండ రొమ్ము మీద చెయ్యి వేసుకుని రెండుసార్లు దగ్గి చూపించాడు.

సువర్చల చెప్పులు విడిచి లోపలికి నడిచింది. హాల్లో ఉన్న త్రినాథ్ ఉలిక్కిపడి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. నోరు మాత్రం తెరవలేకపోయాడు.

ఆమె పడమటి గోడకి జానెడు దూరంలో నిలబడింది.

"ఈ గోడలో పైపు కారుతోంది," అంది స్పష్టంగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. "నాలుగు రోజుల పని."

రంగు ఇంకా పచ్చిగానే ఉంది.